పంచాయతీ డబ్బు ఫిల్టర్ ప్లాంటుకు పెట్టాలా, నల్లా నీళ్లకు పెట్టాలా?

గుట్టకిందోడు
మాది నల్గొండ జిల్లా, మునుగోడు వైపు. ఊళ్లో పంచాయతీ ఫిల్టర్ ప్లాంటు ఉంది. అప్పట్లో దాతలు పెట్టించారు, ఇప్పుడు కాంట్రాక్టుకు ఇచ్చి నడిపిస్తున్నారు. 20 లీటర్ల క్యాన్ 5 రూపాయలు. నీళ్లు వడకట్టే మెంబ్రేన్లు పోయాయి, మోటారు మూలుగుతోంది. ఆర్థిక సంఘం నిధుల్లో తాగునీటికి పెట్టాల్సిన వాటా మొత్తం దీనికే పెట్టేద్దామని వచ్చే గ్రామసభలో తీర్మానం చేస్తారట. నేను వద్దంటున్నాను.

ఇంటింటికీ మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా ఉంది. వచ్చేది శుద్ధి చేసి పంపిన కృష్ణా నీళ్లు. మా ప్లాంటేమో ఇప్పటికీ బోరు నీళ్లే తోడుతోంది. అందులో ఫ్లోరైడ్ వడకట్టి, ఆ వడకట్టిన మురికి నీళ్లు పక్కనే మోరీలో వదులుతోంది. అవి మళ్లీ భూమిలోకే పోతాయి. ఇదేం తెలివి? అదే డబ్బుతో ట్యాంకు కడిగించి, ఊళ్లో పగిలిన పైపులు మార్చి, క్లోరిన్ సరిగ్గా కలిపిస్తే అందరూ నల్లా నీళ్లే తాగొచ్చు. మీరేమంటారు?

చింతచెట్టు
బ్లీచింగ్ వాసన వస్తే తాగబుద్ధి కాదన్నా.

క్యాన్‌బండి
ముందే చెప్తున్నా, నేను ప్లాంటు నడిపేవాణ్ణే. తర్వాత ఎవరో కనిపెట్టినట్టు నా మీద వేయొద్దు. మీ ఊరు కాదు, పక్క మండలం. సొంత ప్లాంటు.

తెల్లవారి అయిదింటికి నేను షట్టర్ ఎత్తకముందే జనం క్యాన్లు వరసలో పెట్టి పోతారు. ఎవరినీ చెయ్యి పట్టి లాక్కురాలేదు. ఇంట్లో నల్లా ఉన్నవాళ్లే వస్తున్నారు. ఎందుకో అడిగారా ఎప్పుడైనా? రెండు వానలు పడితే చాలు, నల్లా తిప్పితే ఎర్రనీళ్లు. ఓరోజు మా ఇంట్లో బకెట్ అడుగున నాచు తేలింది. అది తాగమంటారా?

ప్లాంటు వాళ్లు లక్షలు సంపాదిస్తున్నారనుకుంటారు. పెళ్లికి పంపిన క్యాన్లలో సగం తిరిగి రావు. వచ్చినవాటిలో కల్లు వాసన. మెంబ్రేన్లకు, కరెంటు బిల్లుకు పోను మిగిలేదెంతో నాకు తెలుసు. అయినా నడుపుతున్నానంటే ఊరికి అవసరం కాబట్టే.

కొలిచిచూడు
అనవసరమైన వాదన. మీటర్ పెట్టి చూశాను. మా ఇంటి నల్లా నీళ్లు టీడీఎస్ 310. ఫిల్టర్ నీళ్లు 40. ఏవి మంచివో మీరే చెప్పండి.

గుట్టకిందోడు
టీడీఎస్ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి, ఉప్పులెన్ని ఉన్నాయో ఒక అంకె చెప్తుంది. అంతే. అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. విరేచనాలు తెచ్చే క్రిములున్నాయో లేవో అసలే చెప్పదు. టీడీఎస్ 40 ఉన్న నీళ్లలోనూ క్రిములుండొచ్చు, ముఖ్యంగా లోపల ఎప్పుడూ కడగని క్యాన్లో. మన దేశ ప్రమాణాల ప్రకారం టీడీఎస్ 500 దాకా ఇబ్బంది లేదు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా తాగొచ్చన్నారు. 500 లోపు ఉన్నచోట ఆర్వోలు, అంటే మన ప్లాంటులాగా మెంబ్రేన్‌తో ఉప్పులు వడకట్టే ఫిల్టర్లు, వాడనివ్వొద్దని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునలే చెప్పింది.

కొలిచిచూడు
నేనడిగింది ఒక్కటే. 310 కన్నా 40 మంచిదా కాదా? అవునో కాదో చెప్పండి.

సాగర్‌రోడ్డు
ఆర్వో నీళ్లు తాగితే మోకాళ్ల నొప్పులొస్తాయంట. మా డాక్టర్ చెప్పాడు.

చింతచెట్టు
మా డాక్టర్ నల్లా నీళ్లు తాగొద్దన్నాడు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాలి.

బడిగంట
టీచర్ని. ఈ వైపు మండలాల్లోనే ఉద్యోగమంతా గడిచింది. మొదట్లో పదో తరగతి పిల్లలు ఫోటోలకు నోరు తెరిచి నవ్వేవాళ్లు కాదు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పళ్ల మీద గోధుమరంగు చారలు, కొందరికి అంచులు రాలిపోయేవి. గారపళ్లు అని పక్క ఊరి పిల్లలు ఏడిపించేవాళ్లు. ఇప్పుడు చిన్న తరగతుల్లో అలాంటి పళ్లు నాకు పెద్దగా కనబడట్లేదు. అది ఫిల్టర్ వల్లో భగీరథ వల్లో నేను చెప్పలేను. రెండూ మా ఊళ్లకు కాస్త వెనకాముందుగా వచ్చాయి. ఒక్కటి మాత్రం చెప్తాను, ఇళ్లలో తాగడానికి క్యాన్ తెచ్చుకుని, అన్నం, పప్పు బోరు నీళ్లతో వండేవాళ్లు ఇంకా ఉన్నారు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ముందు ఈ సంగతి ఎవరైనా ఇంటింటికీ చెప్తే బాగుంటుంది.

కొలిచిచూడు
టీచర్ గారూ, మీ బడి నీళ్ల టీడీఎస్ ఎంత?

చికాగోచలి
నేను చేసేది అభివృద్ధి లెక్కల పనే కాబట్టి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఇచ్చిన 2025 నివేదిక ప్రకారం 210 కోట్ల మందికి సురక్షితమైన తాగునీరు లేదు. 340 కోట్ల మందికి సురక్షితమైన పారిశుద్ధ్యం లేదు. అక్కడ ‘సురక్షితం’ అనాలంటే మూడు ఉండాలి. నీళ్లు ఇంటి ఆవరణలోనే దొరకాలి, కావాల్సినప్పుడు రావాలి, మలంతో వచ్చే క్రిములు గానీ ఫ్లోరైడ్, ఆర్సెనిక్ గానీ ఉండకూడదు. ఆసక్తికరమైన విషయం ఏమిటంటే సీసాల్లో, క్యాన్లలో వచ్చే నీళ్లను కూడా ఇప్పుడు మెరుగైన వనరు కిందే లెక్కేస్తున్నారు.

క్యాన్‌బండి
చూశారా. ఐక్యరాజ్యసమితి వాళ్లే ఒప్పుకున్నారు. ఇంకేం కావాలి?

గుట్టకిందోడు
మెరుగైనది అన్నారు. సురక్షితం అనలేదు. పరీక్ష చేసి చూస్తేనే సురక్షితం. నీ ప్లాంటులో చివరిసారి నీళ్లు ల్యాబుకు పంపింది ఎప్పుడు?

క్యాన్‌బండి
మీ పంచాయతీ ట్యాంకు నీళ్లు పంపింది ఎప్పుడో ముందు చెప్పండి సార్.

గుట్టకిందోడు
చెప్తాను. ఊళ్లో మహిళలకు నీటి పరీక్ష కిట్లు ఇచ్చి శిక్షణ ఇచ్చారు కదా, అందులో ఒకామెతో నేనూ తిరిగాను. గాజు గొట్టంలో నీళ్లు పట్టి చుక్కల మందు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు తేలుతుంది. ట్యాంకు కింద నల్లాలో వేస్తే మంచి పసుపు. బొడ్రాయి దగ్గర పాలిపోయిన పసుపు. లైను చివరికి పోయి వేస్తే రంగే రాలేదు, వేసిన నీళ్లు వేసినట్టే ఉన్నాయి. చిట్టచివరి నల్లాలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అంటే శుద్ధి కేంద్రంలో తప్పు లేదు, ట్యాంకులో కూడా లేదు. మధ్యలో పైపులు పగిలిన చోట పాడవుతోంది. అందుకే పైపులు మార్చమంటున్నాను. ఇందులో అర్థం కానిదేముంది?

సాగర్‌రోడ్డు
పైపులు మార్చే కాంట్రాక్టు ఎవరికో కూడా రాయండి.

క్యాన్‌బండి
అందరూ కృష్ణా నీళ్లు కృష్ణా నీళ్లు అంటున్నారు కాబట్టి గుర్తు చేస్తున్నా. హైదరాబాదుకు కృష్ణా నీళ్లు 2004లో పోయాయి. కోదండాపూర్ నుంచి మా జిల్లా మీదుగానే, సాగర్ రోడ్డు వెంటే ఆ పైపులు వేశారు. పైపు పక్క ఊళ్లలో జనం ఫ్లోరైడ్ నీళ్లు తాగుతూనే ఉన్నారు. మా నాయన ఆ బోరు నీళ్లే తాగాడు. నడుం వంగిపోయింది, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిరగాలి. వంగిన ఎముక మళ్లీ తిన్నగా కాదని డాక్టర్లు చెప్పేశారు. అప్పుడు ఏ ట్యాంకు వచ్చింది, ఏ కిట్టు వచ్చింది? మొదట వచ్చింది ఫిల్టర్ ప్లాంటు. అప్పు చేసి పెట్టాను నేను. ఇప్పుడొచ్చి తెలివి లేదంటారా?

గుట్టకిందోడు
తమ్ముడూ, మీ నాయన సంగతి విని బాధగా ఉంది. మా అమ్మదీ అదే కథ. దాన్ని ఇక్కడ వాదనకు తేకు.

క్యాన్‌బండి
ఎందుకు తేకూడదు? ఇది వాదన ఎలా అవుతుంది సార్, నా ఇల్లు.

గుట్టకిందోడు
సరే, అయితే నేనూ ఒకటి తెస్తాను. 1996 లోక్‌సభ ఎన్నికలు. నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో నిలబడ్డారు. ఫ్లోరైడ్ గోడు, సాగునీటి గోడు ఎవరూ వినట్లేదని జలసాధన సమితి పిలుపు మీద ఊళ్ల నుంచి వచ్చి నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. 477 మందికి డిపాజిట్లు పోయాయి. ఆ ఏడాదే చట్టం మార్చి డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలు చేశారు. దేశమంతా నల్గొండ నీళ్ల గురించి మాట్లాడింది.

ఇప్పుడు? సర్పంచ్ ఇంట్లో క్యాన్, టీచర్ల ఇళ్లలో క్యాన్, పంచాయతీ ఆఫీసులో కుర్చీ పక్కన క్యాన్. నల్లాలో ఎర్రనీళ్లు వస్తే ఆఫీసుకు పోయి గొంతు చించుకునేదెవడు? క్యాన్ కొనలేనివాడు. వాడి మాట వినేదెవడు? మాట చెల్లేవాళ్లందరూ 5 రూపాయలిచ్చి పక్కకు తప్పుకున్నారు. నా అసలు బాధ ఇదీ. ప్లాంటు చెడ్డదని కాదు.

బడిగంట
మా ఇంట్లోనూ క్యానే. కానీ నేను రెండుసార్లు ఫిర్యాదు రాసిచ్చాను సార్, అందరినీ ఒకే గాటన కట్టొద్దు.

క్యాన్‌బండి
480 మంది నిలబడ్డారు. బాగుంది. నీళ్లు ఎప్పుడొచ్చాయి? భగీరథ ప్రారంభమే 2016లో. ఆ 20 ఏళ్లలో పుట్టిన పిల్లలు ఏం తాగాలి, నినాదాలా? మీకు అడిగితే వస్తాయని నమ్మకం. అడిగీ అడిగీ నడుం వంగినవాడి కొడుకుని నేను. నాకు ఆ నమ్మకం లేదు. ఎప్పటికీ రాదు. రేపు పై నుంచి వచ్చే పెద్ద పైపు పగిలితే, మోటార్లకు కరెంటు బిల్లు కట్టక ఆపేస్తే, ప్రభుత్వం మారితే? అప్పుడు మళ్లీ బోరే కదా దిక్కు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు. తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు లేవని 2020లో పార్లమెంటులో చెప్పింది నల్లా నీళ్లు అందుతున్నాయని, భూమిలో ఫ్లోరైడ్ తగ్గిందని కాదు. ఫిల్టర్ మూసేస్తే ఆ రోజు ఊరికి ఏం మిగులుతుంది?

చికాగోచలి
ఇది మాత్రం ఆలోచించాల్సిన మాటే. ఉన్న ఒక్క ప్రత్యామ్నాయాన్ని తీసేయడం ఏ ప్రణాళికలోనూ మంచిది కాదు.

సాగర్‌రోడ్డు
చికాగోలో ఏం తాగుతారన్నా?

చికాగోచలి
నల్లా నీళ్లే.

కొలిచిచూడు
అక్కడ టీడీఎస్ ఎంత ఉంటుంది?

ఆఖరిగల్లీ
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నా. ఈ చర్చ మొదలుపెట్టిన ఆయనదీ నాదీ ఒకే ఊరు. పేరు చెప్పను. ఆయన రంగు రాలేదు అన్న లైను చివర ఉంది కదా, అదే మా ఎస్సీ కాలనీ. మా గల్లీలోనే గాజు గొట్టంలో చుక్కలేసి చూసి, ఫోటో తీసుకుని పోయారు. అక్కడున్న ఆడవాళ్లను ఒక్క మాట అడగలేదు.

మాకూ ఇంటింటికీ నల్లా ఉంది. నీళ్లు వదిలిన అరగంటకు సన్నని ధార మొదలవుతుంది. బిందె కింద పెట్టి పక్కింటికి పోయి ముచ్చట పెట్టి వచ్చినా నిండదు. ఎందుకో తెలుసా? పైబజారులో ప్రతి ఇంటి నల్లాకు మోటారు బిగించారు. నీళ్లు వదలగానే గుయ్ మని వరసగా మొదలవుతాయి, మా గల్లీ దాకా వినిపిస్తుంది. వాళ్ల సంపులు నిండాలి, బర్రెలు కడగాలి, వాకిట్లో చల్లాలి. ఆ తర్వాత తాగడానికి మాత్రం క్యాన్. నల్లా నీళ్లు మంచివి కావంటారు, ఒక్క చుక్క మాత్రం కిందికి వదలరు.

మేమూ క్యాన్ కొంటాం. కూలికి పోయేవాళ్లమే కొంటాం, కొనలేనివాళ్లని ఆయన మా గురించి రాయక్కర్లేదు. కానీ క్యాన్ నీళ్లతో పిల్లవాణ్ణి కడుగుతామా? మరుగుదొడ్డికి పోతామా? 2019లో గాంధీ జయంతి నాడు దేశమంతా బహిరంగ విసర్జన లేదన్నారు. మా ఇంటి దొడ్డి కూడా ఆ లెక్కలో ఉంది. రెండు గుంతలు తవ్వారు, సిమెంటు రేకు వేశారు, గోడ మీద నంబరు రాశారు. ఎండాకాలం పోయడానికి నీళ్లుండవు. మా అత్తమ్మ చీకటితోనే చెల్క గట్టుకు పోతుంది, దొడ్డిలో కట్టెలు పెట్టింది. 20 లీటర్లలో ఏం తాగాలో ఇంత మాట్లాడారు కదా, మిగతా నీళ్ల గురించి ఒక్కరన్నా మాట్లాడారా?

గుట్టకిందోడు
అక్కా, నేను పైపులు మార్చమన్నది మీ గల్లీ కోసమే కదా.

ఆఖరిగల్లీ
పైపులు మారిస్తే మోటార్లు ఆగుతాయా?

గుట్టకిందోడు
మోటార్ల సంగతి వేరు. ముందు లీకేజీలు ఆగాలి, అప్పుడు ప్రెషర్ పెరుగుతుంది.

ఆఖరిగల్లీ
వేరు ఎట్లా అయింది?

జలమండలి_రిటైర్డ్
వేరు కాదమ్మా. ఆ పనిలోనే ఉండి రిటైరయ్యాను కాబట్టి చెప్తున్నా. రోజంతా కాకుండా గంటో రెండు గంటలో నీళ్లు వదిలే లైన్లలో పైపు మిగతా వేళల్లో ఖాళీగా ఉంటుంది. దానికి మోటారు పెట్టి పీలిస్తే, పగుళ్లున్న చోట నుంచి బయటి మోరీ నీళ్లు లోపలికి లాగుతాయి. వానాకాలం మోరీలు నిండి ఉంటాయి కాబట్టే ఎర్రనీళ్లు. క్లోరిన్ ఉన్నదంతా ఆ మురికికే ఖర్చైపోతుంది, చివరికి రంగు రాదు. కొత్త పైపు వేసినా మోటార్లు అలాగే ఉంటే జాయింట్ల దగ్గర కొన్నాళ్లకు మళ్లీ ఇదే. క్యాన్‌బండి గారి ఇంట్లో తేలిన నాచు సంగతి నాకు తెలియదు గానీ, ఆ ఎర్రనీళ్లకు సగం కారణం నల్లాకు మోటార్లు బిగించిన ఇళ్లే. అలాంటి ఇళ్లే ఎక్కువ క్యాన్లు కొంటాయి.

చింతచెట్టు
గుట్టకిందోడు అన్నా, మీ ఇంట్లో మోటారు ఉందా?

క్యాన్‌బండి
అదీ అడగాల్సిన మాట.

గుట్టకిందోడు
వ్యక్తిగతంగా పోవద్దు. నేనొక్కణ్ణి తీసేస్తే ఊళ్లో నీళ్లు రావు. తీస్తే అందరూ తీయాలి.

ఆఖరిగల్లీ
అంటే ఉంది.

సాగర్‌రోడ్డు
హహ్హహ్హ.

గుట్టకిందోడు
నవ్వడానికేం లేదు. మా ఇల్లు గుట్ట కింద ఎత్తులో ఉంది, మోటారు లేకపోతే ఎక్కదు. అయినా నేను మాట్లాడుతున్నది ఊరి డబ్బు గురించి. ఫిల్టర్ వద్దని రాసినందుకు ఇంతమంది పట్టుకున్నారు, ఊళ్లో మోటార్లు పెట్టినవాళ్లను ఒక్కణ్ణి పట్టుకోండి చూద్దాం. నీళ్లు వదిలే వాటర్‌మెన్ జీతం ఎంతో, అతను ఎవరింటి ముందు నిలబడి మోటారు తీయమనగలడో కూడా ఆలోచించండి.

క్యాన్‌బండి
నేను నిలబడి అంటాను. మా ఊళ్లో. మీ ఊళ్లో మీరు అనండి.

నిర్వాహకులు
ఊరి పేర్లు, ఇళ్ల గుర్తులు రాయకండి. ఒకరిద్దరి సందేశాలు తీసేశాం. కులం పేరుతో తిట్టినవాళ్లు ఇక ఇక్కడ రాయలేరు.

బడిగంట
నిర్వాహకులకు ధన్యవాదాలు. ఒక ప్రశ్న, గ్రామసభ తీర్మానంలో మోటార్ల తొలగింపు మొదటి అంశంగా పెట్టడానికి ఏమైనా అడ్డుందా? దానికి రూపాయి ఖర్చు లేదు కదా.

గుట్టకిందోడు
పెట్టొచ్చు. మోటార్లు ఒకటి, పైపులు రెండు, మెంబ్రేన్లు మూడు. డబ్బు మిగిలితేనే మూడోది.

క్యాన్‌బండి
మిగలదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మూడోది అంటే లేదనే. మూసేసిన ప్లాంటు మళ్లీ తెరవడం ఎంత కష్టమో నడిపినవాణ్ణి నన్నడగండి. పైపులకు సగం, మెంబ్రేన్లకు సగం అనండి, ఒప్పుకుంటా.

కొలిచిచూడు
పైపులు మార్చాక టీడీఎస్ తగ్గుతుందా?

జలమండలి_రిటైర్డ్
తగ్గదు నాయనా. తగ్గాల్సిన పనీ లేదు.

ఆఖరిగల్లీ
గ్రామసభ ఏ రోజో మా కాలనీలో చాటింపు వేయించండి. పోయినసారి అయిపోయాక తెలిసింది, సంతకాలకు మాత్రం రిజిస్టర్ ఇంటికి పంపారు. ఈసారి సంతకాలు అక్కడే పెడతాం. మొదటి అంశం ఎవరు చదువుతారు?

గుట్టకిందోడు
సెక్రటరీ చదువుతాడు.

ఆఖరిగల్లీ
ఆయన అద్దెకుండేది పైబజారులోనే కదా. నేను చదువుతాను. కాగితం ముందే ఇప్పించండి.